ఎల్లుండితో గడువు

మా ఆయన ఫ్యాక్టరీ బట్టల్ని నానబెట్టే ముందు పెరట్లో దులిపేదాన్ని. "దులపకుండా నానబెడితే తొట్టి అడుగున బురద కడుతుందమ్మాయ్" అని మా అత్తగారు పెళ్లైన కొత్తలోనే నేర్పారు. ఆస్బెస్టాస్ రేకులు చేసే ఫ్యాక్టరీ అది. చొక్కా భుజాలు పట్టుకుని గట్టిగా విదిలిస్తే తెల్లటి పొడి లేచి నా మొహం మీదే పడేది. ఇరవై రెండేళ్లు శ్రద్ధగా దులిపాను. పని చేస్తే నాలా చేయాలని లోపల కాస్త గర్వం కూడా ఉండేది. "ఇంట్లో కూర్చునేదానివి, అలసటంటే నీకేం తెలుస్తుంది?" అని ఆయన అప్పుడప్పుడూ అనేవారు. చెడ్డ మనిషి కాదు. అందరు మగవాళ్లూ అనే మాటే అనేవారు, నేనూ అందరు ఆడవాళ్లలాగే వినీ విననట్టు ఊరుకునేదాన్ని.

ఆ పొడి వల్ల ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయని తేలాక, పరిహారం కేసు కోసం తిరిగింది నేనే. డాక్టరు జబ్బు పేరు చెప్పిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి, ఒక్కరోజు దాటినా తీసుకోరు. ఆయన తేదీలన్నీ నాకు నోటికొచ్చు. కేసు వేళకే పడింది. నిన్న ఏదో కాగితం ఇవ్వడానికి వెళ్తే, వకీలమ్మ నా దగ్గు విని కలం పక్కన పెట్టింది.

"మీరెప్పుడైనా చూపించుకున్నారా?"

చూపించుకున్నాను. ఆయన జబ్బు బయటపడిన రెండు నెలలకు అదే డాక్టరు నన్నూ చూసి, నాకూ అదే జబ్బన్నాడు. ఆ రిపోర్టు చీరల కింద దాచేశాను. ఫ్యాక్టరీ గేటు కూడా చూడనిదాన్ని, నాకు కేసేమిటి?

"ఆయన బట్టలు ఎవరు ఉతికేవారు?" అంది. చెప్పాను. "అయితే మీకూ హక్కుంది. డాక్టరు చెప్పిందెప్పుడు?"

ఆయన తేదీలు గడగడా అప్పజెప్పే నేను నా తేదీకి తడుముకున్నాను. ఇంటికొచ్చి రిపోర్టు తీసి చూస్తే, ఎల్లుండితో రెండేళ్లు. కేసు నిలవాలంటే ఆ బట్టలు ఇంటికి తెచ్చానని ఆయన సాక్ష్యం రాసివ్వాలి. అంటే ఆయనకు చెప్పాలి. ఇన్నాళ్లూ దాచింది అందుకే కదా. నా దగ్గు తన చొక్కాలోంచి వచ్చిందని తెలిస్తే ఆ మనిషికి ముద్ద దిగదు. గడువు దాటిపోనిస్తే ఆయనకు ఎప్పటికీ తెలియదు. రిపోర్టును మళ్లీ చీరల కింద పెట్టబోయి ఆగాను. ఎవరి మనసూ నొప్పించకుండా బతకడానికి ఇంకా ఎంత ఊపిరి ఖర్చుపెట్టాలి నేను?

ఈ ఉదయం కాఫీ తాగాక రిపోర్టు ఆయన చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు.

"రెండేళ్లా? ఒక్కదానివే మోశావా?" ఆయన రిపోర్టు మీద తేదీ మళ్లీ చూశారు. "నీకిది తెచ్చింది నేనేనన్నమాట."

"మీరు కాదు, ఫ్యాక్టరీ. అది ప్రమాదమని మీకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు." ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఎంత సన్నబడిపోయిందో. "ఏడవాలంటే ఎల్లుండి తర్వాత ఏడుద్దురుగాని. ముందు సాక్ష్యం రాయండి."

నవ్వబోయి దగ్గారు. నేనూ దగ్గాను. తర్వాత ఆయన వంకర అక్షరాలతో రాయడం మొదలుపెట్టారు. నేను నిన్న తెచ్చుకున్న నా దరఖాస్తు ముందేసుకున్నాను. 'వృత్తి' అన్నచోట వకీలమ్మ గుమస్తా ముందే 'ఏమీ లేదు' అని నింపి ఇచ్చాడు. అది కొట్టేసి రాశాను: రేకుల ఫ్యాక్టరీ బట్టలు ఉతకడం. ఇరవై రెండేళ్లు. సెలవుల్లేవు.