బూట్లు హాజరు

పిల్లలూ, ఒక ప్రశ్న. సెలవులకి ఇంటికెళ్తూ ఒకమ్మాయి తన పరుగు బూట్లు హాస్టల్లో మంచం కింద మర్చిపోయింది. పాతిక రోజులు. అన్నాళ్లూ ఆ బూట్లు ఏం చేసుంటాయి?

దుమ్ము పట్టుంటాయా? బాగానే చెప్పావు, సగం మార్కులు. ఎలుక కొరికేసిందా? నీకు పావు. అసలు జవాబు వినండి.

ఆ అమ్మాయిని అందరూ చిటికె అనేవారు. మైదానం చుట్టూ ఒక్క చుట్టు, అంటే నాలుగు వందల మీటర్లు, చిటికె వేసినంతలో ముగించేసేది కాబట్టి. ఆ ఒక్క చుట్టు చూసే ఆటల హాస్టల్లో సీటిచ్చారు. సెలవుల్లో మాత్రం మంచం దిగితే కుర్చీ, కుర్చీ దిగితే మంచం. "చిక్కిపోయావే" అని అమ్మ వడ్డించడం, పిల్ల వద్దనకపోవడం. తిరిగొచ్చేనాటికి పరుగు ప్యాంటు నడుం దగ్గర మొరాయించింది.

గేటు దగ్గరే వాచ్‌మన్ తాత ఆపాడు.

"వచ్చావా తల్లీ? రోజూ తెల్లారేసరికి నీ బూట్లకి గేటు తీయలేక చచ్చాననుకో."

"ఎక్కడికెళ్లేవి తాతా?"

"ఇంకెక్కడికి, మైదానానికే. వానొచ్చినా మానలేదు. నీకంటే అవే నయం."

కోచ్ సారు హాజరు పుస్తకం తెరిచి చూపించాడు. తాత చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడాయన. ఆమె వరసలో పాతిక గళ్లలోనూ ఒకటే మాట: 'బూట్లు హాజరు, మనిషి లేదు.'

"నెల తర్వాత పరీక్ష," అన్నాడు. "చుట్టు అరవై అయిదు సెకన్లలోపు రావాలి. రాలేదా, సీటు ఇంకొకరికి. పెట్టె సర్దుకోవడమే."

మర్నాడు చిటికె బూట్లు తొడుక్కుంది. ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. సెలవుల్లో మైదానంలో ఈల వేసేవాళ్లు లేరు. ఒక్క చుట్టుకే ఆగమని చెప్పేవాళ్లు లేక, బూట్లు వాటికి తోచినంత దూరం వెళ్లాయి. అదే అలవాటైపోయింది. హడావిడి పడవు, ఆగవు. చిటికె ముందుకు దూకబోతే అవి దూకలేదు. ఇక చాలనుకుంటే అవి చాలనుకోలేదు. మూడో చుట్టులో కళ్లు తిరిగి గడ్డిలో వెల్లకిలా పడింది. పడ్డాక కూడా పాదాలు గాల్లో పరుగెత్తుతూనే ఉన్నాయి.

"వాటిని చూసి నేర్చుకో," అని సారు పక్కనుంచి వెళ్లిపోయాడు.

ఆ పూట మెట్లు దిగడానికి గోడ పట్టుకుని పక్కకి పక్కకి జరగాల్సి వచ్చింది.

"పీతలా దిగుతున్నావేంటే?" అంది గదిలో ఉండే స్నేహితురాలు.

"పీతకైతే బోలెడు కాళ్లు. నాకున్నవి రెండు, అవీ నా మాట వినట్లేదు."

"పోనీ నా బూట్లు వేసుకో."

వేసుకుంది. ఆ రోజు సొంత బూట్లు గది గుమ్మంలో పక్కపక్కనే కూర్చుని, ఆమె తిరిగొచ్చేదాకా కదల్లేదు. వాటి ముఖం చూడలేక మర్నాడు మళ్లీ వాటినే తొడుక్కుంది. రెండో వారానికి ఆరు చుట్లు వాటితో పోగలిగింది. మూడో వారానికి తొమ్మిది. ఆకలి వేసింది, నిద్ర పట్టింది, ప్యాంటు వదులైంది. వేగం మాత్రం రాలేదు. మంచం కింది పెట్టె కంటపడితే మొహం గోడవైపు తిప్పుకునేది.

పరీక్ష రోజు వచ్చింది. ఈల మోగింది. మిగతా అమ్మాయిలు బాణాల్లా పోయారు. చిటికె గీత దాటేసరికి వాళ్లు నీళ్లు కూడా తాగేశారు.

"ఎనభై ఎనిమిది," అన్నాడు సారు, పుస్తకంలోంచి తలెత్తకుండా. "అయిపోయింది, ఆగు."

"ఆగట్లేదు సార్," అంటూ ఆయన ముందునుంచి వెళ్లిపోయింది.

రెండో చుట్టు, మూడో చుట్టు. ముందు నవ్విన వాళ్లు తర్వాత చుట్లు లెక్కపెట్టసాగారు. రెండో చుట్టు నుంచీ సారు గడియారం వంకే చూస్తున్నాడు. పదో చుట్టులో కుడి బూటు లేసు ఊడి, మడమ బయటికొచ్చింది. ఒక్క విదిలింపుతో కాలు లాగేసుకోవచ్చు. చిటికె వేళ్లు బిగించి మడమ లోపలికి నెట్టుకుంది.

పన్నెండున్నర చుట్ల దగ్గర బూట్లు ఆగాయి. అర చుట్టు మిగిలితే ఎక్కడ ఆగుతారు? అవును, మైదానానికి సరిగ్గా అవతలి వైపు. ఎవరి దగ్గరికీ లేచి వెళ్లని సారు గడ్డి మీద అంత దూరం నడిచొచ్చాడు. వంగి, ఊడిన లేసు తనే కట్టాడు.

"ప్రతి చుట్టూ ఎనభై ఎనిమిదే," అన్నాడు. "ఒక్క సెకను అటూ ఇటూ లేదు. నీ ఒక చుట్టు సీటు పోయిందమ్మా. అయిదు వేల మీటర్ల సీటు రెండేళ్లుగా ఖాళీ. అడిగినవాళ్లే లేరు."

"మరి పెట్టె సర్దుకోవాలా సార్?"

"మంచం కిందే ఉండనీ, బూట్ల పక్కన."

ఆ తర్వాత బూట్లు ఒంటరిగా ఎప్పుడూ మైదానానికి వెళ్లలేదు. మర్నాటి గడిలో సారు రాసింది: 'ఇద్దరూ హాజరు.'

ఇప్పుడు ఎనభై ఎనిమిదిని పన్నెండున్నరతో గుణించి, ఎన్ని నిమిషాలో లెక్క కట్టి ఉంచండి, వచ్చి దిద్దుతాను. బకెట్లో సగం బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి, ఆరేయాలి. ఎండ పోతోంది.