వడియాల గుడ్డ గోడు

నేను ఒక పంచెను. ఉన్నమాట చెప్పుకోవాలంటే పంచెలో సగాన్ని. ఇంకా ఉన్నమాట చెప్పాలంటే, నరసాపురంలో అవధానులు గారింట్లో నన్నెవరూ పంచె అని పిలిచి చాలా కాలమైంది. అక్కడ నా పేరు వడియాల గుడ్డ. "ఆ వడియాల గుడ్డ ఎక్కడ పెట్టారండీ?" అని భ్రమరాంబ గారు అడిగితే ఇక్కడున్నానని పలకాలనిపిస్తుంది. నోరు లేదు. నోరు లేకపోవడం ఎంత నరకమో ఒక వేసవిలో నాకు బాగా తెలిసొచ్చింది. ఆ గోడే చెప్పుకుంటాను, కాస్త ఓపిక పట్టండి.

బండారులంకలో ఒక గుంట మగ్గం మీద పుట్టాను. నన్ను నేసినాయన పోగు తెగినప్పుడల్లా ఎవర్నో తిట్టుకుంటూ, ఆ తిట్టుకి సంబంధం లేనంత సుతారంగా ముడేసేవాడు. గంజి పెట్టి మడతేసిన రోజున అట్టముక్కలా బిర్రుగా ఉన్నాను. అవధానులు గారు అప్పుడు హైస్కూల్లో హిందీ మాస్టారు. కొత్తింట్లోకి దిగే ముహూర్తానికి నన్ను కట్టుకున్నారు. ఆ తరవాత చాలా ఏళ్ళు ఆయన నడుముకి చుట్టుకుని బడికెళ్ళాను, సుద్దముక్కల పొడి పూసుకున్నాను, మేకులు లేచిన కుర్చీల్లో కూర్చున్నాను. మనిషి ఒంటిమీద తిరిగే బట్టకి ఒక హోదా ఉంటుంది. అది పోయాక గానీ తెలియదు.

సైకిలు చైనులో పడి చిరిగాను. చిరుగు పట్టుకుని భ్రమరాంబ గారు నన్ను నిలువునా రెండు చేశారు. ఒక సగం ఆవకాయ జాడీల మూతికి వాసెన కట్టడానికి ముక్కలైపోయింది. నాకు మేడ రాసిపెట్టి ఉంది.

ఆ మేడ మీద ఎన్ని వేసవులు పడుకున్నానో. బూడిద గుమ్మడికాయని ఆడవాళ్ళు ముందు కొయ్యకూడదని ఆ ఇంటి ఆచారం. మొదటి వేటు అవధానులు గారు వేస్తారు. ఆ ఒక్క వేటూ వేసి, వేసవంతా వచ్చినవాళ్ళతో "ఈ ఏడు మేం వడియాలు బాగా పెట్టాం" అంటారు. ముక్కలు తరిగేదీ, ఉప్పేసి మూటకట్టి నీరు పిండేదీ, మినప్పిండి రుబ్బేదీ, పచ్చిమిరపకాయా ఇంగువా కలిపేదీ, పొద్దున్నే మేడెక్కి నామీద వరసగా పెట్టేదీ ఆవిడ. ఎండాక నా వెనకవైపు నీళ్ళు చల్లి ఒలుస్తారు. ఆ కారం, ఆ ఉప్పు నా పోగుల్లోకి ఏటికేడు దిగుతూ వచ్చాయి. ఉతుకుతారు గానీ, అదెక్కడ పోతుంది?

ఎండ సంగతి నన్నడగండి. నన్ను ఏటేటా తెల్లబరిచి, మెత్తబరిచి, సాలీడు గూడంత పల్చన చేసింది. మనుషుల దగ్గరికొచ్చేసరికి దాని పద్ధతి వేరు. భ్రమరాంబ గారి చేతులు చూస్తే తెలుస్తుంది. గాజులు పైకి జరిగినప్పుడు వాటి కింద పచ్చటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. పెళ్ళినాటి రంగు అక్కడే మిగిలింది. జాకెట్టు చేతుల కింద నుంచి మణికట్టు దాకా మిగతాదంతా మా మేడ పుణ్యమే.

నేను చెబుతానన్న ఆ వేసవికి ముందు, మాఘమాసంలో ఆవిడకి సర్పి లేచింది, ఒంటిమీద వరసగా పాకే పొక్కుల జబ్బు. ఎడమ భుజం మీద మొదలై మెడ కిందుగా వీపు మీదికి పాకింది. సరిగ్గా పైట పడే చోటు. నేనప్పుడు వంటింటి అలమరలో జాడీల వెనక ఉన్నాను, అన్నీ వినిపించేవి. ఆ పొక్కుల వరస ఒంటిని చుట్టేస్తే ప్రాణం మీదికొస్తుందంటారు, అందుకని వచ్చినవాళ్ళు వచ్చినట్టు "రెండు కొసలూ కలవలేదు కదా?" అని చూసి వెళ్ళారు. ఎవరో చెబితే కుమ్మరాయన్ని పిలిపించి పొక్కుల చుట్టూ జేగురుమట్టితో గీత గీయించారు. ఆవిడ ఇక తట్టుకోలేనన్నాక చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. మాత్రలు పడ్డాయి. పొక్కులు మాడి, చెక్కులు రాలి, కింద గులాబీ రంగు చర్మం వచ్చింది.

నెప్పి మాత్రం పోలేదు. ఫాను గాలి తగిలితే మంట. నీళ్ళ చుక్క పడితే మంట. పైట కొంగు వేస్తే కుంపటి పెట్టినట్టుండేది. ఇంట్లో వదులు నైటీ ఒకటి వేసుకుని, దాన్నీ ఎడమ పక్క జార్చుకుని తిరిగేవారు. ఆవిడకి కావలసింది మరీ పెద్దదేం కాదు. పైట వేసుకుని, వీధి గుమ్మం దాటి, బజారుకెళ్ళి, తన గుమ్మడికాయ తను ఎంచుకోవాలి. అంతే. ఆ గుమ్మం మాఘమాసం నుంచీ దాటలేదు.

డాక్టరమ్మ చెప్పిన మాటలు అవధానులు గారు వచ్చినవాళ్ళందరికీ అప్పజెప్పేవారు కాబట్టి నాకు కంఠతా వచ్చేశాయి. "కొత్త చర్మం అమ్మా, ఎండ తగిలితే నల్లమచ్చ ఉండిపోతుంది. కొన్నాళ్ళు ఎండకి దూరంగా ఉండండి. తప్పనిసరై వెళ్తే ఈ క్రీము ధారాళంగా రాసుకుని, పైన మెత్తటి పాత నూలుగుడ్డ కప్పుకోండి. రుద్దకండి." ఇంత తేట తెలుగులో చెప్పిన మాటని కూడా ఒక మనిషి తలకిందులు చేయగలడని నేను అనుకోలేదు.

వేసవి వచ్చింది. ఈసారి కాయలు అవధానులు గారే తెచ్చారు. నున్నగా నిగనిగలాడుతున్న లేతకాయలు. బూడిద పట్టని కాయ నీరు తప్ప మరేమీ కాదని భ్రమరాంబ గారు చూడగానే చెప్పారు. "కాయ కాయే కదే" అన్నారాయన. మొదటి వేటు వేశారు. నన్ను మేడ మీద పరిచి, పక్కన కుర్చీ వేసి కిందికి కేకేశారు.

"ఇదిగో, పిండి తీసుకుని రా. నువ్వు కుర్చీలో కూచుని పెట్టు. భుజానికి కాస్త ఎండ తగలనీ, పచ్చిగా ఉన్నది ఎండితేనే కదా మానేది."

"డాక్టరమ్మ ఎండ వద్దంది కదండీ."

"ఎండలోకి వెళ్ళేముందు క్రీము రాయమంది. అంటే ఏవిటి? వెళ్ళమనేగా. వద్దనుకుంటే క్రీమెందుకు రాస్తుందే?"

జీవితమంతా జవాబు పత్రాలు దిద్దిన మనిషితో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఆయన దృష్టిలో ప్రపంచంలో ప్రతిదీ వడియమే. పచ్చిగా ఉంటే ఎండబెట్టడమే దానికి మందు. ఆ క్రీము బొట్టు పెట్టినట్టు చిటికెడు రాసి, పైన కొబ్బరినూనె పట్టించి ఆవిడని ఎండలో కూర్చోబెట్టారు. నేను ఆవిడ కాళ్ళ దగ్గరే పరిచి ఉన్నాను. మెత్తటి పాత నూలుగుడ్డని నేనే కదా, నన్ను తీసి కప్పవయ్యా మహానుభావా అని ఎంత మొత్తుకున్నానో. గాలికి ఒక అంచు కాస్త లేచింది. ఎగిరిపోతానేమోనని దానిమీద రాయి పెట్టారు.

నాలుగు రోజులయ్యేసరికి గులాబీ రంగు పోయి, భుజం అట్లకాడ వాత పెట్టినట్టు కమిలింది. అప్పుడు పక్కింటి శేషమాంబ గారు ఫోనులో ఏదో వీడియో చూపించి, "దీన్ని ట్యాను అంటారు వదినా. సెనగపిండీ నిమ్మరసం పెరుగూ కలిపి నలుగు పెడితే ఊడొచ్చేస్తుంది" అన్నారు. అవధానులు గారు ఉత్సాహంగా తనే కలిపారు, తనే రుద్దారు. పచ్చి చర్మం మీద నిమ్మరసం. ఆవిడ గోడ పట్టుకుని నిలబడి, పళ్ళ బిగువున "చాలండి" అన్నారు. "ఇంకాస్త రుద్దితే వదులుతుందే" అన్నారాయన. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని వేసవులు ఎండలో పడున్నప్పుడు కూడా అంత మండలేదు.

ఆఖరికి ఆయనకి నూలుగుడ్డ మాట గుర్తొచ్చింది. అది గుర్తొచ్చిన తీరు చూడండి. ఆ సాయంత్రం వడియాలు ఒలిచి, నన్ను నీళ్ళలో ఒకసారి ముంచి తీగ మీద వేశారు. ఇంకా తడిగా ఉండగానే లాగి, "ఇంతకంటే మెత్తటి గుడ్డ నరసాపురంలో ఉండదే" అంటూ తెచ్చి ఆవిడ భుజం మీద కప్పారు. అన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన హోదా అది. మళ్ళీ మనిషి ఒంటిమీదికి వచ్చాను. ఎలా వచ్చాను? పోగు పోగునా మిరపకాయ కారంతో, ఉప్పుతో వచ్చాను.

"తీసెయ్యండి" అన్నారావిడ. గొంతు పెద్దది చెయ్యలేదు. కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారాయి. అవధానులు గారు నన్ను తీసి మళ్ళీ మేడ మీది తీగ మీద పడేశారు. నన్ను నేను చింపుకోగలిగితే ఆ క్షణంలో చింపుకునేదాన్ని.

మర్నాడు పొద్దున మామూలే. నన్ను పరిచారు, కుర్చీ వేశారు, కేకేశారు. ఆవిడ పిండి గిన్నె పట్టుకుని వచ్చి, సగం దాకా వడియాలు పెట్టారు. లేతకాయ పిండి కదా, నిలవకుండా జారిపోతోంది. ఎండ భుజం మీదికి వచ్చింది. ఆవిడ లేచి నిలబడ్డారు. నామీది రాళ్ళు ఒక్కొక్కటే తీశారు. రెండు అంచులూ పట్టుకుని, పెట్టిన వడియాలన్నిటితో సహా నన్నెత్తి, పిండి మొత్తం గిన్నెలోకి దులిపేశారు.

అవధానులు గారు నోరు తెరిచి చూస్తున్నారు. "ఇదేవిటే, మరి వడియాలో?"

"మీరు పెట్టండి. ఎండ మంచిదన్నారుగా."

"దేనిమీద పెట్టను?"

"మీ పంచె మీద పెట్టుకోండి."

కిందికొచ్చాక ఆవిడ నన్ను కుంకుడురసంలో నానబెట్టారు. ఉతికి, మళ్ళీ నానబెట్టి, మళ్ళీ ఉతికారు. ఒక్క చెయ్యే ఆడుతోంది కనక కాళ్ళతో తొక్కి ఉతికారు. ఉతికినప్పుడల్లా నా కొసని మోచేతి లోపలి చర్మానికి ఆనించి, కారం ఉందా లేదా అని చూసుకునేవారు. కొన్ని రోజులు అదే పని. ఆ తరవాత నన్ను వెనక వరండాలో, నీడన ఆరేశారు. నీడన ఆరడం నాకు అదే మొదటిసారి. క్రీము దట్టంగా రాసుకుని నన్ను భుజం మీద వేసుకున్నారు. ఊపిరి బిగబట్టారు. కాసేపటికి మెల్లగా వదిలారు. ఆ మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు పట్టింది.

పైన అవధానులు గారు పంతానికి పోయి రోజూ వడియాలు పెడుతున్నారు. కొత్త పంచె పరుచుకుని, చొక్కా లేకుండా, బాసింపట్టు వేసుకుని. వడియం కాదు గదా, అట్టు కూడా అనలేని ఆకారాలు పెట్టారు. చివరికి ఒకరోజు మంచం మీద బోర్లా పడుకుని మూలుగుతున్నారు. వీపంతా కమిలి నల్లబడింది. జంధ్యం ఉన్నచోట మాత్రం ఏటవాలుగా తెల్లటి గీత. ఎండ ఆయనకీ నలుగు పెట్టేసింది. నవ్వొచ్చింది నాకు, దాచుకోను.

"ఒళ్ళు మండిపోతోందే. చొక్కా తగిలితే ప్రాణం పోతోంది."

ఆవిడ దగ్గరికెళ్ళి నిలబడ్డారు. "చొక్కా తగిలితేనా?"

"ఊఁ."

"నాకు మాఘమాసం నుంచీ అంతేనండీ."

ఆయన తల తిప్పి ఆవిడ భుజం వైపు చూశారు. ఆవిడ చల్లనీళ్ళలో మెత్తటి గుడ్డ తడిపి ఆయన వీపు మీద పరిచారు. రుద్దలేదు.

ఆయన వీపు చల్లబడ్డాక ఒక ఉదయం ఆవిడ క్రీము రాసుకుని, నన్ను భుజం మీద మడతేసి, దానిపైన పైట వేసుకున్నారు. పైట నిలిచింది. వీధి గుమ్మం దాటారు. అవధానులు గారు పిలవకుండానే గొడుగు పట్టుకుని వెనకాలే వచ్చి, ఆవిడ ఎడమ పక్కకి చేరి, గొడుగంతా ఆవిడ వైపే వంచారు. ఆయన బట్టతల ఎండలోనే ఉంది.

బజారులో ఆవిడ కాయల కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూశారు. వేళ్ళకి తెల్లగా బూడిద అంటిన కాయల్ని ఏరి పక్కన పెట్టుకున్నారు. మచ్చ పోలేదు, పోతుందో లేదో తెలియదు. పైట కింద నేనున్నాను. ఈసారి నన్నెవరూ ఎండలో పరవలేదు. ఎండకీ ఆవిడకీ మధ్య నేనే నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు సంచీ మోస్తూ అవధానులు గారు అడిగారు. ఇన్నాళ్ళలో ఇంటికొచ్చిన వాళ్ళెవరూ అడగని మాట, ఆయనా అడగని మాట.

"నెప్పెడుతోందా?"

"పెడుతోంది" అన్నారావిడ. కాస్త దూరం నడిచాక, "గొడుగు కొంచెం మీ వైపు కూడా పెట్టుకోండి" అన్నారు.