అత్తగారు ఇల్లు ఊడవని రోజు

సంక్షేమ కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరాన్ని బైండింగక్క మూడుసార్లు చదివింది. మొదటిసారి అర్థం కాక, రెండోసారి నమ్మలేక, మూడోసారి ఒళ్ళు మండి. దరఖాస్తుదారు తన పనులన్నీ తానే చేసుకోగలుగుతున్నారట. ఇప్పుడున్న ఇల్లు ఆమెకు అన్ని విధాలా అనువుగా ఉందట. కనుక ఇంటి సాయం మంజూరు చేయడం లేదట.

ఆ అనువైన ఇల్లు మూడో అంతస్తులో ఒక గది, దాని మూల ఒక పొయ్యి. బాత్రూం పై రెండంతస్తులకీ కలిపి ఒక్కటే, అదీ పద్నాలుగు మెట్లు కిందికి దిగితే. మూడేళ్ళ కిందట జరిగిన ప్రమాదంలో అత్తగారికి కొడుకు, కోడలికి మొగుడూ రెండు కాళ్ళ సత్తువా పోయాయి. అప్పట్నుంచీ కోడలు నేల మీద చక్రాల పలక వేసుకుని, దాని మీదే కూర్చుని రిజిస్టర్లకీ పాత పుస్తకాలకీ బైండింగులు చేస్తుంది, అందుకే అందరికీ బైండింగక్క. ఆస్పత్రి వాళ్ళిచ్చిన చక్రాల కుర్చీ కింద మెట్ల చాటున దుమ్ము కొట్టుకుంటోంది. ఆమె వీధిలోకి వెళ్ళాలంటే, మోసి దించడానికి రెండో అంతస్తు పెయింటర్ అన్నదమ్ములిద్దరూ ఒకేసారి ఇంట్లో ఉండాలి. వాళ్ళు ఇంట్లో ఉన్నారంటే పని దొరకలేదని అర్థం. ఇక అలా కోరుకోవడానికి మాత్రం మనసెలా ఒప్పుతుంది?

సందు చివర నేల మట్టానికి ఉన్న ఇల్లొకటి ఖాళీ అయింది. నడవలేనివాళ్ళకి అలాంటి ఇంటి అద్దెలో సగం కార్యాలయమే భరిస్తుంది, గుమ్మం దగ్గర వాలుబాట కూడా కట్టిస్తుంది. ఒక అధికారి వచ్చి ఇప్పటి ఇల్లు చూసి, అవసరం ఉందని రాస్తే చాలు. ఆయన వచ్చాడు, చూశాడు. రాసింది మాత్రం ఇదీ.

పాపం, ఆయన తప్పేం లేదు. చూసిందే రాశాడు. కాకపోతే చూపించిందంతా అత్తగారు చూపించింది. అధికారి వస్తున్నాడంటే ఆవిడకి చుట్టం వస్తున్నట్టే. మూడు రోజులు ఇల్లు కడిగింది. జిగురు గిన్నె, కాగితాల కట్టలు అటక ఎక్కాయి. చక్రాల పలక మంచం కిందికి పోయింది. మెట్ల పిట్టగోడకి కోడలు పట్టుకోవడానికి కట్టిన తాడు కూడా చూడ్డానికి బాగాలేదని విప్పేసింది. కోడలికి తల దువ్వి, తెల్లారేసరికి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. పనులెవరు చేస్తారని ఆయన అడగడమే ఆలస్యం, కోడలు నోరు తెరిచే లోపే అందుకుంది. మా కోడలికేం తక్కువ బాబూ, అన్నీ తనే చేసుకుంటుంది అని. ఆయన టీ తాగి, మెచ్చుకుని మరీ వెళ్ళాడు.

ఉత్తరం వచ్చిన రోజు కోడలు అత్తగారితో మాట్లాడలేదు. అత్తగారూ మాట్లాడలేదు. గిన్నెలే మాట్లాడాయి.

తిరిగి విచారణ కోరడానికి ముప్పై రోజుల గడువుంది. బైండింగక్క ఎన్నో ఆఫీసుల ఫైళ్ళు కుట్టిన మనిషి. కాగితం మీద ఏం రాస్తే పని జరుగుతుందో ఆమెకి తెలుసు. మెట్లెన్ని, ఎక్కడానికి ఎంతసేపు, దిగడానికి ఎంతసేపు అన్నీ రాసి, మళ్ళీ ఒకసారి వచ్చి చూడమంది. ఇంట్లో ఒకే షరతు పెట్టింది. ఆ రోజు ఇల్లు ఊడవకూడదు.

అత్తగారికి అంతకంటే పెద్ద శిక్ష లేదు. రెండోసారి వచ్చిన అధికారిణి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చేసరికి, ఆవిడ తలుపు పక్కన నిలబడి కాగితం ముక్కల వంకా చీపురు వంకా చూస్తూ చేతులు నలుపుకుంటోంది. బైండింగక్క మాత్రం నేల మీద, తన పలక మీదే ఉంది.

"మేడమ్, నేను బాత్రూంకి వెళ్ళాలి. మీరు నా వెనకే రండి" అంది.

పలక మీద నుంచి పై మెట్టు మీదికి జరిగింది. ఒక చేత్తో, మళ్ళీ కట్టించుకున్న తాడు పట్టుకుని, రెండో చేత్తో ఒక్కో కాలూ ఎత్తి కింది మెట్టు మీద పెట్టుకుని, ఆ తర్వాత ఒళ్ళు దించింది. అత్తగారు రెండు మెట్ల కింద, వెనక్కి నడుస్తూ, చేతులు చాచి కాచుకుని ఉంది. మెట్లు ఇరుకు. అధికారిణి దాటి పోయే వీల్లేదు, వెనకే మెట్టూ మెట్టూ దిగాలి. ఏడో మెట్టు దగ్గర బైండింగక్క ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అధికారిణి కూడా ఆమె వెనక మెట్టు మీద కూర్చుండిపోయింది.

"రోజూ ఇలాగేనా అమ్మా?" అని అత్తగారిని అడిగింది.

ఈసారి కోడలు నోరు తెరవలేదు. చెప్పాల్సింది ఎవరో ఆమెకి తెలుసు.

"రోజుకి నాలుగుసార్లు" అంది అత్తగారు. "అందుకే మంచినీళ్ళు తాగడం తగ్గించేసింది. నేను చూడలేదనుకుంటుంది. పోయిన నెల నా చెయ్యి జారి ఆరు మెట్లు దొర్లింది. నాకు డెబ్బై రెండేళ్ళు. ఇంకెన్నాళ్ళు పట్టుకోగలను? ముందొచ్చిన ఆయనతో నేను చెప్పింది అబద్ధం. కొడుకు పోయాక నాకు మిగిలింది ఈ పిల్లే. దీనికి ఇది చేతకాదు, అది చేతకాదు అని నా నోటితో ఎలా చెప్పను?"

నీళ్ళ సంగతి అత్తగారికి తెలుసన్న సంగతి కోడలికి అప్పటిదాకా తెలియదు. మూడేళ్ళలో ఎవరి ముందూ ఏడవని మనిషి ఏడో మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. అధికారిణి తొందరపెట్టలేదు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని అక్కడే రాయడం మొదలుపెట్టింది. దిగి, మళ్ళీ ఎక్కి గదిలోకి చేరేసరికి గంటకి పది నిమిషాలు తక్కువ. అది కూడా రాసుకుంది.

ఇరవై రోజులకి మంజూరు ఉత్తరం వచ్చింది. అత్తగారు దాన్ని పట్టుకుని మూడంతస్తులూ తిరిగి, చదవడం వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ చూపించింది. పెయింటర్ అన్నదమ్ములు ఆ రోజు పని మానుకుని మరీ బైండింగక్కని కిందికి దించారు. ఇదే ఆఖరుసారని ఆమె అంటే, మా భుజాలు బతికాయి అక్కా అని చిన్నవాడు నవ్వాడు. మెట్ల చాటు నుంచి కుర్చీ బయటికొచ్చింది. ఆమె వాలుబాట మీదుగా తన చేతులతో తానే చక్రాలు తిప్పుకుంటూ కొత్తింట్లోకి వెళ్ళింది. ఎవరినీ వెనక చెయ్యి వేయనివ్వలేదు.

అక్కడికి చేరిన నాలుగో రోజు పొద్దున అత్తగారు బట్టలు ఆరేసి లోపలికొస్తే కోడలు లేదు. సగం కుట్టిన రిజిస్టరుకి సూది గుచ్చి ఉంది. కుర్చీ లేదు. ఆవిడ బాత్రూం చూసింది, పెరడు చూసింది, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. రెండు వీధుల అవతల, కాగితాల కొట్టు ముందు బైండింగక్క దారపు ఉండలు వేళ్ళతో లాగి చూస్తూ, ఇది తెగుతుంది, ఇంకోటి తియ్యమని కొట్టతన్ని సతాయిస్తోంది.

"చెప్పి వెళ్ళొద్దా అమ్మాయ్? నా పై ప్రాణాలు పైనే పోయాయి" అంది అత్తగారు రొప్పుతూ.

"మూడేళ్ళుగా అందరికీ చెప్పే వెళ్ళాను కదా అత్తయ్యా. ఇవాళ ఎవరికీ చెప్పకుండా వచ్చి చూశాను."

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది. సరే, నీ పని చూసుకుని నువ్వెప్పుడొస్తావో రా, అని చెప్పి ఇంటి దారి పట్టింది. దారి పొడుగునా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.