ఉత్తుత్తి విచారణ

నాకు ఒళ్లు మండిపోతోంది. పదకొండింటికి మున్సిపల్ ఆఫీసులో విచారణ. రోడ్డు వెడల్పు పేరు చెప్పి మా చిత్తుకాగితాల వీధి మొత్తం లేపేస్తారట. కాదనేవాళ్లు అక్కడికొచ్చి నోటితో చెప్పుకోవాలి. మా వీధి తరఫున మాట్లాడాల్సింది నేను. నేనేమో ఇక్కడ, సంఘం హాల్లో, కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో, ట్రస్టు వాళ్ల కారు కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తున్నాను.

మాలాంటి వాళ్లకి అధికారుల ముందు నోరు విప్పడం నేర్పిస్తే ఆ ట్రస్టు సంఘానికి ఫండు ఇస్తుంది. నేర్పేది మైకమ్మ. ఎప్పుడూ చేతిలో మైకు ఉంటుందని ఆ పేరు. వచ్చేవాళ్లకి చూపించడానికి ఉత్తుత్తి విచారణ ఒకటి తయారుచేసింది. అందులో మా ఆడపడుచు అధికారి, మేమంతా మేమే. వాళ్లు పొద్దున్నే వచ్చి చూసి వెళ్లాక అసలు దానికి పోవచ్చులే అనుకున్నాం. అదీ మా తెలివి!

"నన్ను వదిలెయ్యక్కా, నే పోతా. పోనీ ఇంకెవర్నైనా పంపు."

"దార్లోనే ఉన్నారే తల్లీ, ఐదు నిమిషాలు. హాలు ఖాళీగా కనబడితే ఇంకేముంది? ఈసారి ఫండు రాకపోతే దీనికి తాళమే. తర్వాత మీ కోసం ఎవరు తిరుగుతారు, చెప్పు?" మైకమ్మ నా చేతులు పట్టుకుంది. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను.

పదకొండు కొట్టింది. కారు జాడ లేదు.

"పోవే, పో! మైకమ్మ సంగతి నే చూసుకుంటా" అని మా అత్త నన్ను గుమ్మం బయటికి తోసింది. ఎవరేమనుకుంటారో అని కూడా చూడకుండా రోడ్డు పొడుగునా పరిగెత్తాను.

ఆఫీసులో కుర్చీలన్నీ ఖాళీ. బంట్రోతు కిటికీలు మూస్తున్నాడు.

"అయిపోయిందమ్మా. మీ వీధి పేరు గొంతు చించుకుని పిలిచాను. ఒక్కరూ పలకలేదు. అభ్యంతరాల్లేవని రాసేసుకుని సారు వెళ్లిపోయారు."

"లేకపోవడమేంటయ్యా! బోలెడున్నాయి! రాసుకో, ఇప్పుడే చెప్తా!"

"నాకు చెప్తే ఏం లాభం తల్లీ" అన్నాడు పాపం. సోమవారం కూలగొడతారట.

తిరిగొచ్చేసరికి హాలు కళకళలాడుతోంది. ట్రస్టు వాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అంటోంది ఆడపడుచు, అధికారిలా గొంతు బిగించి. నన్ను చూడగానే మైకమ్మకి ప్రాణం లేచొచ్చింది. పరుగున వచ్చి మైకు నా నోటి దగ్గర పెట్టింది.

"అయిపోయింది" అన్నాను. "మనల్ని పిలిచారట, మనం లేం. సోమవారం వచ్చి పడగొడతారు. అత్తా, మన ఇల్లు పోయిందే అత్తా!"

ఏడుపు తన్నుకొచ్చింది.

ట్రస్టు వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకాయనైతే కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

మా అత్త నేలమీద కూలబడి ఘొల్లుమంది. వాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు.