కోడులో నానిన ఉయ్యాల తాడు

అమలాపురం తాళ్ళపేటలో ఆడవాళ్ళ చేతులు ఊరికే ఉండవు. మాట్లాడుతూ కొబ్బరి తాడు పేనుతారు, పోట్లాడుతూ కూడా పేనుతారు. ఆ రోజు పైడమ్మ మాత్రం పేట వెనక మురుగు పారే కోడులో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉంది. కొబ్బరికాయల మీంచి వలిచిన డొక్కలు పరిచి, చుట్టూ వెదురు గూటాలు దిగ్గొట్టి, అవి తేలిపోకుండా పైన బురద మెత్తుతోంది. నెలల తరబడి నానితేనే డొక్క మెత్తబడి పీచు దిగుతుంది.

గట్టు మీంచి పక్కింటి మహాలక్ష్మమ్మ కేకేసింది.

“ఏంటొదినా, కోడంతా నువ్వే ఆక్రమించేసేవు! అంత తాడెవరికే?”

“నా మనవడికే! మా కాంతం నీళ్ళోసుకుందని రాజోలు నించి కబురొచ్చింది. ఉయ్యాల కట్టద్దా మరి?”

ఆ పేటలో ఒక ఆచారం ఉండేది. కూతురి తొలిచూలు బిడ్డకు ఉయ్యాల తాడు అమ్మమ్మే పేనాలి. అదీ తన పెరటి చెట్టు డొక్కతోనే. కొన్న తాడు కడితే నలుగురూ నవ్వుతారు. ముచ్చటైన ఆచారమే, ఎవరు కాదంటారు? కాని పాఠకులారా, చెట్టు పైడమ్మదే గాని కోడు పైడమ్మది కాదు. ఊళ్ళో కురిసిన వానంతా కిందికి పోవడానికి ఉన్న దారి అదొక్కటే.

పూర్వం ఎండాకాలంలో ఆ కోడు ఎండిపోయేది. తొలకరికి ముందు జ్యేష్ఠమాసంలో ఇంటికొక మనిషి పార పట్టుకుని దిగి పూడిక తీసేవాడు. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి, కొత్త కాలువల్లో నీళ్ళు కోనసీమకు వచ్చాక, కోడులో ఏడాది పొడుగునా నీళ్ళు నిలవసాగాయి. డొక్కలు నానబెట్టుకునేవాళ్ళకు ఇంకేం కావాలి? పేటంతా ఎగబడింది. ఎగువన బజారులో సుబ్బరాజుగారు దుకాణానికి అరుగు కావాలని కోడులో సగం మట్టి పోయించారు. దిగువన చేపలు పట్టేవాళ్ళు అడ్డంగా తడికలు కట్టారు. చెత్త సంగతి చెప్పనే అక్కర్లేదు, ఊడ్చిన ప్రతి చేటా అందులోకే. నీళ్ళు ఎటు పోతాయని అడిగినవాళ్ళు లేరు.

జ్యేష్ఠం వచ్చింది. పేట పెద్ద సత్తియ్య ఇల్లిల్లూ తిరిగాడు.

“అమ్మా పైడమ్మా, డొక్కలు తీసెయ్యమ్మా. పూడిక తియ్యాలి.”

“ఆయ్, తీస్తానండి మావయ్యగారూ. ఇంకో రెణ్ణెల్లు ఆగండి. పచ్చి పీచు తాడు బిడ్డ బరువాపద్దేంటండీ?”

“వానలు పడిపోతాయే తల్లీ!”

“నా ఒక్కదాని డొక్కలకే కోడు ఆగిపోద్దాండీ? సుబ్బరాజుగారి అరుగు తవ్వించండి ముందు. ఆయన్నేమో అనలేరు, నా మీదకొచ్చేరు!”

సుబ్బరాజుగారి దగ్గరకు వెళితే, “ముందు ఆ డొక్కలు తీయించవయ్యా, నా అరుగెక్కడికి పోతుంది?” అన్నారు. తడికల వాళ్ళు సుబ్బరాజుగారిని చూపించారు. సత్తియ్యకు విసుగు పుట్టి, “మీ ఖర్మ! వచ్చే ఏడు చూద్దాం” అని పార మూల పడేశాడు. అంతే, ఆ ఏడు ఎవరూ కోడులో దిగలేదు.

ఆషాఢం వెళ్ళాక కాంతం పురిటికి వచ్చింది. నిండు చూలాలు. ఇంట్లోకి వస్తూనే దూలం కేసి చూసి నవ్వింది.

“ఉయ్యాల ఇక్కడేనా అమ్మా?”

“ఇక్కడే. నీ ఉయ్యాలా ఇక్కడే కట్టేను” అంది పైడమ్మ, కూతురి బుగ్గలు నిమురుతూ.

శ్రావణంలో ఒక తెల్లవారుజామున మొదలైన వాన, పొద్దెక్కినా తెరిపి ఇవ్వలేదు. వీధిలో నీళ్ళు నిలిచాయి. తరువాత గడపెక్కాయి. చూస్తుండగానే పొయ్యి ఆరిపోయింది, కుండలు తేలాయి. అదే సమయానికి కాంతానికి నొప్పులు వచ్చాయి. మంచం కోళ్ళ కింద రోలూ తిరగలీ పెట్టి ఎత్తు చేశారు. మంత్రసాని పోలమ్మ ఇల్లు కోడుకి అవతలి గట్టున. పైడమ్మ భర్త పోలయ్య పరుగెత్తాడు.

అక్కడ చూస్తే కోడూ లేదు, గట్టూ లేదు, అంతా ఒకటే నీరు. దాటే తాటిదుంగ దగ్గర డొక్కలు, తడికలు, చెత్త అన్నీ పేరుకుని గోడ కట్టేశాయి. పోలయ్య నీళ్ళలోకి దూకి చేతులతో పీకడం మొదలెట్టాడు. పట్టుకున్న గూటం పైడమ్మకు తను నరికిచ్చినదే. దాన్ని గుర్తుపట్టి పెద్దపెట్టున ఏడ్చాడు. సత్తియ్య కేకలకు మగవాళ్ళు పరుగెత్తుకొచ్చి, తాళ్ళు కట్టి లాగితే ఎప్పటికో ఆ గోడ తెగింది. అప్పటిదాకా దోనెకు దారి లేదు, అప్పుడుగాని పోలమ్మను అందులో ఇవతలికి తేలేకపోయారు.

ఇంట్లో తల్లి చెయ్యి కాంతం వదల్లేదు. బిడ్డ అడ్డం తిరిగింది.

“అమ్మా, తాడు పేనేసేవా?”

“పీచు ఇంకా నానాలమ్మా. నువ్వు మాట్లాడకు తల్లీ, పోలమ్మత్త వచ్చేస్తంది.”

“మెత్తగా పేను. బిడ్డకి గుచ్చుకోకూడదు.”

పోలమ్మ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి బిడ్డను తీసింది. ఆడపిల్ల, ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి కాంతం లేదు. “కాస్త ముందు చేరుంటే బతికించుకునేదాన్నే!” అని పోలమ్మ తల బాదుకుంది. సాయంత్రానికల్లా వీధిలో నీరు పూర్తిగా లాగేసింది. దారి దొరికితే అంత తొందరగా పోయే నీళ్ళే అవి.

పదకొండో రోజున పేట పేటంతా ఆ వాకిట్లో చేరింది. పసిబిడ్డ కాంతం పాత చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. ఆ డొక్కల్లో మిగిలినవాటిని పైడమ్మ ముట్టుకోలేదు. సుబ్బరాజుగారు కండువాతో కళ్ళు ఒత్తుకుని, “ఏం చేస్తాం? గోదారమ్మ ఆగ్రహం” అన్నారు.

పైడమ్మ లేచి నిలబడింది.

“గోదారమ్మని ఆడిపోసుకోకండి బాబూ. గోదారి పొంగలేదండి. ఏ గట్టూ తెగలేదండి. పడింది వాన. ఏటా పడేదే. నా కూతుర్ని నేనే చంపుకున్నానండి. నా డొక్కలు, మీ అరుగు, వాళ్ళ తడికలు. నాదొక్కటేగా, నాదొక్కటేగా అని అందరం అనుకున్నాం.”

సత్తియ్య తను మూల పడేసిన పారను తలుచుకుని కుమిలిపోయాడు.

“రేపు పొద్దున్నే నేను కోడులో దిగుతున్నానండి. వచ్చేవాళ్ళు రండి. నీళ్ళు పోయే దారిలో మనం కూర్చున్నాం, అందుకే అవి మన ఇళ్ళలోకొచ్చి కూర్చున్నాయి. ఈ పసిదానికి ఊహ తెలిసేక మా అమ్మేదని అడుగుద్ది. గోదారి తీసుకుపోయిందని అబద్ధం చెప్పలేను. మేమే కోడు పూడ్చేసేమమ్మా అని చెప్పాలి.”