లైల్ బేరమాడని రోజు

మొదటి పిస్తోలు కొనుక్కునేవాళ్లంత విసిగించే మనుషులు లోకంలో ఉండరు. విల్గా క్రీక్ అనే ఈ చిన్న ఊళ్లో గాలాలూ తుపాకులూ అమ్ముకుంటూ, ఆదివారాలు క్లబ్బులో గురి నేర్పుతూ ముసలిదాన్నయ్యాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఒక్కటి కొనడానికి ఎన్నిసార్లు వస్తారో లెక్కుండదు. బీరువాలో ఉన్నవన్నీ తీయిస్తారు. బరువంటారు, పిడి లావంటారు, ట్రిగ్గర్ బిగుసుగా ఉందంటారు. చివరికి ఇంకా చవకలో లేదా అని అడిగి, నా టీ తాగి, ఉత్త చేతులతో వెళ్లిపోతారు.

అందరిలోకీ లైల్ ట్రెంగోవ్, వాడి పెళ్లాం ఇవెట్ మరీ ఘోరం. లైల్ మా ఊళ్లో బడి బస్సు నడుపుతాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసే క్లబ్బులో చేరారు. కొత్తగా చేరినవాళ్లు మొదటి ఆరు నెలలూ క్లబ్బు తుపాకులతోనే కాల్చాలి. ఆ ఆరు నెలలూ ఇద్దరూ నా బుర్ర తినేశారు. వాళ్ల జీతాలకి ఇద్దరికీ కలిపి ఒక్కటే వస్తుంది. ఇవెట్‌ది ఎడమచేతి వాటం, వీడిది కుడి. రెండు చేతుల్లోనూ ఒదగాలి, పాతదైనా గురి తప్పకూడదు, అన్నిటికంటే ముఖ్యం తూటాలు చవకగా దొరకాలి.

"తుపాకి ఒక్కసారే కొంటాం కోరల్. తూటాలు వారం వారం కొనాలి. కొంప ముంచేవి అవే," అని లైల్ నాకే పాఠం చెప్పేవాడు.

"వీడికి నప్పింది నాకు నప్పదు, నాకు నప్పింది వీడికి నప్పదు. పెళ్లైన కాణ్నించీ ఇదే గోల," అనేది ఇవెట్.

మార్చిలో ఇవెట్ పోయింది. పెరట్లో బట్టలు ఆరేస్తూ కూలబడింది. మెదడులో నరం చిట్లిందన్నారు.

మే నెలలో ఒక పొద్దున నేను కొట్టు తీసి ఇంకా దుమ్ము దులుపుతుండగానే లైల్ వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మనిషి తేరుకున్నాడని సంతోషపడ్డాను. నా తెలివి అలా ఏడ్చింది. పోలీసుల నుంచి వచ్చిన అనుమతి కాగితం బల్ల మీద పెట్టాడు.

"ఒక పిస్తోలు ఇవ్వు కోరల్."

"ఏది కావాలి?"

"ఏదో ఒకటి. ఇప్పుడు పట్టుకెళ్లేది."

మూడు తీసి వరసగా పెట్టాను. మామూలుగానే నా పాట మొదలుపెట్టాను. ఇది రిటైరైన మేష్టారిది, ముందు వైపు కాస్త బరువు గానీ చెయ్యి కదలదు. అది కొత్తది, చవక, ట్రిగ్గర్ మాత్రం గరగరలాడుతుంది. లైల్ ఒక్కటీ చేతిలోకి తీసుకోలేదు. దగ్గరగా ఉన్నదాన్ని వేలితో చూపించాడు.

"ఇది చాలు."

"అది నీ చేతికి చిన్నది. వద్దని జనవరిలో నువ్వే అన్నావు."

"పర్లేదు."

"తూటాలు ఎన్ని డబ్బాలు?"

"ఒకటి."

"ఒక్క డబ్బా ఆదివారం భోజనాల వేళకే అయిపోద్ది కదరా."

"ఒకటి చాల్లే."

ధర అడక్కుండానే పర్సు తీశాడు. నాకు అనుమానం అప్పుడు మొదలైంది. కొత్తగా కొనేవాడు బేరమాడకపోవడం నేనెప్పుడూ చూడలేదు. పైగా వీడు లైల్.

సరిగ్గా అప్పుడే మా ఆయన డెస్ వెనక గదిలోంచి టీ కప్పులతో వచ్చాడు. ఎవరి మొహం ఎలా ఉందో చూసే అలవాటు ఆయనకి లేదు.

"ఏరా లైల్, నీ కుక్కని డగ్గన్ వాళ్లకిచ్చేశావంటగా? పొద్దున వాళ్ల ట్రక్కులో కనపడింది."

"వాళ్లకి గొర్రెలున్నాయి. దానికక్కడ బాగుంటది," అన్నాడు లైల్.

"ఆ ముసలిది గొర్రెల్ని కాసేదేంటి నీ మొహం. గొర్రెలే దాన్ని కాయాలి."

డెస్ ఒక్కడే నవ్వాడు. నేను పిస్తోలు మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాను.

మా క్లబ్బువాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మాలో ఎవడైనా బతకాలని లేదన్నాడంటే ఆ మాట పోలీసుల దాకా పోవాలి. లైసెన్సు పోతుంది, ఆదివారాలు పోతాయి, స్నేహితులూ పోతారు. అందుకని ఎవరూ చెప్పరు. చెబితే వినాల్సొస్తుందని ఎవరూ అడగరు. దానికి మేం మర్యాద అని పేరు పెట్టుకున్నాం. కిందటేడు ఆసుపత్రి నర్సు ఒకావిడ క్లబ్బుకొచ్చి, అనుమానమొస్తే సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు అని చెప్పింది. మేం సాసేజీలు తింటూ, తలలూపుతూ విన్నాం.

ఇప్పుడు ఆ ప్రశ్న నా నాలిక చివరకొచ్చి ఆగిపోయింది. నా అనుమానం తప్పయితే? పెళ్లాం పోయినవాడికి మిగిలిన ఒక్క కాలక్షేపాన్నీ నా నోటితో నేను చెడగొట్టినట్టవుతుంది. అడక్కుండా పంపిస్తే?

"డెస్, వెళ్లి తలుపుకున్న బోర్డు 'మూసి ఉంది' వైపుకి తిప్పు."

"ఇప్పుడే కదే తీశాం?"

"తిప్పమన్నానా."

మూడు పిస్తోళ్లనీ ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను.

"ఏం చేస్తున్నావు? కాగితం సరిగ్గానే ఉందిగా," అన్నాడు లైల్.

"ఉంది."

"మరి?"

"లైల్, చచ్చిపోదామనుకుంటున్నావా?"

లైల్ మొహం చెవుల దాకా ఎర్రబడింది.

"నీకేమన్నా పిచ్చెక్కిందా?"

"ఎక్కిందేమో. అడిగినదానికి చెప్పు."

"నేను వాగా పట్నం పోయి కొనుక్కుంటాను. అక్కడ ఇలాంటివి అడగరు."

"అడగరు. అందుకే నేనడుగుతున్నా."

కాగితం లాక్కుని తలుపు వైపు నడిచాడు. బోర్డు తిప్పడానికి వెళ్లిన డెస్ తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు, చేతిలో ఇంకా రెండు కప్పులూ ఉన్నాయి. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన మొహం అంత తెల్లగా పాలిపోవడం నేను చూడలేదు.

"జరుగు డెస్."

"టీ తాగలేదు కదరా."

"జరగమన్నానా."

"తాగి వెళ్లు."

లైల్ ఆయన్ని తోశాడు. టీ ఇద్దరి చొక్కాల మీదా ఒలికింది. ఒళ్లు కాలే ఉంటుంది, అయినా డెస్ కదల్లేదు. లైల్ మళ్లీ చెయ్యెత్తి, దించేశాడు. వెనక్కొచ్చి పడవ తెడ్ల పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. తల దించుకున్నాడు.

"ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు కోరల్," అన్నాడు. "పొద్దున లేచి రెండు కప్పులు పెడుతున్నా, ఇప్పటికీ."

"ఇవాళే అనుకున్నావా?"

"ఇవాళే."

నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి అది వేళ కాదు. ముక్కు తుడుచుకుని వాడి ముందు కింద కూర్చున్నాను.

"మీ అక్కకి ఫోన్ చేస్తాను. ఆసుపత్రికీ చేస్తాను. తర్వాత పోలీసులకి చెప్తాను. నీ వెనకాల కాదు, నీ ఎదురుగానే."

అప్పటిదాకా తల ఎత్తనివాడు ఎత్తాడు.

"ఆసుపత్రికి వస్తాను. అక్కకీ చెప్పు. పోలీసులకి మాత్రం వద్దు. ఇవెట్‌తో కలిసి వెళ్లిన చోటు ఆ క్లబ్బొక్కటే మిగిలింది నాకు. మళ్లీ గేటు దాటనివ్వరు. నీ కాళ్లు పట్టుకుంటాను."

నిజంగానే వంగాడు. చేతులు పట్టుకుని ఆపాను. ఆ ఒక్క మాటా దాచిపెడితే ఎవరికి తెలుస్తుంది అని నా మనసు నన్ను బతిమాలింది. దాచితే వచ్చే నెల ఆ కాగితంతో వాగా వెళ్లగలడు. ఒక చేత్తో వాడి చెయ్యి పట్టుకునే ఫోన్ తీసి, మూడు ఫోన్లూ వాడికి వినపడేలా చేశాను. మూడోదానికి వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. అక్క రోవీనా వచ్చేదాకా డెస్ తలుపు దగ్గరా, నేను పీట దగ్గరా కూర్చున్నాం.

లైసెన్సు రద్దయింది. క్లబ్బు గేటు మూసుకుంది, వాడు చెప్పినట్టే. మాలో కొందరు నేను చేసింది ద్రోహమని ఇప్పటికీ అంటారు. అననీ.

రోవీనా దగ్గర కొన్నాళ్లుండి, వైద్యం చేయించుకుని, లైల్ ఊరికి తిరిగొచ్చాడు. మళ్లీ బస్సు నడుపుతున్నాడు. నాతో మాట్లాడడు. బజార్లో నేను ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్లిపోతాడు. మొదట్లో ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. ఇప్పుడు వాడు దాటుతుంటే, అటూ ఇటూ బండ్లు రావడం లేదు కదా అని చూస్తూ నిలబడతాను.