వంతెన ఎత్తున ఎక్కిళ్ళు

ఫీడ్ పంపు కూడా కాకపోతే ఇంక మార్చడానికి మిగిలిందేమిటి, సీటు కవరూ నంబరు ప్లేటూ, అంతేగా, అనుకుంటూ అతను మెకానిక్ షెడ్డు ముందు తన పాత పికప్ బండి బానెట్‌లోకి వంగి చూస్తున్నాడు, బావమరిది మోచేతుల దాకా నల్లబడ్డ చేతులతో ఇంజెక్టర్లు కడిగి బిగించి ఇంజను స్టార్టు చేశాడు, నిలబెట్టి ఎంత రేస్ ఇచ్చినా ఏ వంకా లేదు, గుయ్యిమని ఒకటే పాట, రోడ్డెక్కి వంతెన ఎత్తు మొదలయ్యేచోట యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం అదే గొడవ, ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం పలకదు, ఆ తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, ఆ దూకుడుకి వెనకాల చెక్క స్టాండుకి ఆనించి కట్టిన కిటికీ అద్దాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, టిక్కుమని చిన్న చప్పుడు, ఆ చప్పుడు అతనికి చెవిలో కాదు పళ్ళలో వినపడుతుంది, నిన్న గాజు దుకాణం యజమాని చిట్లిన అద్దాన్ని వెలుగుకెత్తి చూసి, ఇంకొక్కటి పోయిందంటే వేరే బండి చూసుకుంటానయ్యా, ఏమీ అనుకోకు, అన్నాడు, తిట్టినా బాగుండేది, అంత మెత్తగా అన్నాడంటే ఈపాటికి వేరే బండివాడితో మాట్లాడే ఉంటాడు.

ఎయిర్ ఫిల్టర్ మార్చారు, డీజిల్ ఫిల్టర్ మార్చారు, ట్యాంకు ఖాళీ చేసి అడుగున పేరుకున్న మడ్డి గోకి పారబోశారు, యాక్సిలరేటర్ కేబులు మార్చారు, పంపు మార్చారు, మార్చిన ప్రతిసారీ బావమరిది తనే తోలుకెళ్ళి వంతెన మీదుగా ఒక చుట్టు కొట్టి రావడం, దొరికాడు బావా దొంగ, అని భుజం చరిచి చేతిలో తాళాలు పెట్టడం, మర్నాడు అతను లోడుతో బయల్దేరితే మళ్ళీ ఎక్కిళ్ళు, నీ బండి నా దగ్గర బుద్ధిమంతురాలు బావా, నీ దగ్గరే గయ్యాళి, అంటాడు బావమరిది, ఆ మాటకి బండి వెనక అద్దాల మధ్య దుప్పట్లు కుక్కుతున్న అతని భార్య తల బయటికి పెట్టి, ఎవర్రా గయ్యాళి, నోటికొచ్చిందల్లా వాగావంటే రాత్రి అన్నానికి మా ఇంటికి రాకు, అంది, బండిని అన్నానక్కా, అని వాడు, బండికి లేని నోరు నీకెందుకురా, అని ఆమె, అక్కాతమ్ముళ్ళు నవ్వుకుంటున్నారు, వీళ్ళకెలా నవ్వొస్తోందో, ఈ అద్దాలు క్షేమంగా దిగకపోతే ఈ బండికి ఇంక పనిలేదు, తనకీ లేదు, గాజు మొయ్యడం తప్ప తనకొచ్చిన విద్య మరొకటుందా.

ఈసారి ఇంకోలా చూద్దాం, అన్నాడు బావమరిది గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, నడిపేవాడికి చెవులు పనిచెయ్యవు బావా, అక్క నడుపుతుంది, నువ్వు పక్కన కూచుని చెవులు రిక్కించి విను, నేను వెనకాల బైకు మీద వస్తూ పొగ చూస్తా, నల్లగా పోతోందో తెల్లగా పోతోందో, అక్క నడపడమేమిట్రా లోడుతో, అని అతను అనేలోపే ఆమె స్టీరింగు ముందు కూచుని సీటు ముందుకి జరుపుకుంటోంది, ఈ షెడ్డు వెనక ఖాళీ స్థలంలో దీని మీదే నేర్పింది మీరే కదండీ, మరిచిపోయారా, అంది, మరిచిపోలేదు, కాకపోతే ఎక్కిళ్ళు మొదలైనప్పటి నుంచీ ఆమె చేతికి తాళాలివ్వలేదు, ఏమన్నా అయితే, అనుకుంటూ ఎడమపక్క సీట్లో కూచున్నాడు, తన బండిలో ఈ పక్కన కూచుంటే ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుంది, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వంతెన వచ్చింది, ఇక్కడే, ఈ దీపస్తంభం దాటాకే, అని కళ్ళు మూసుకుని విన్నాడు, ఆమె గేరు మార్చి తొక్కింది, ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు, బండి ఆగలేదు, ఒక్క దమ్మున పైకి పోతోంది, వెనక అద్దాలు కిక్కురుమనలేదు, మరి తన కిందేమిటి దబ్బుమన్న చప్పుడు, కళ్ళు తెరిచి చూస్తే తన కుడికాలు, అలవాటు కొద్దీ ఆమెతోపాటు తనూ లేని యాక్సిలరేటర్‌ని తొక్కుతున్నాడు, ఆమె మళ్ళీ గేరు మార్చింది, తొక్కు, అనుకున్నాడు, మడమ నేలనే ఉంది, పాదం మాత్రం సగంలో, గాల్లో, ఎవరి పాదమో అన్నట్టు నిలిచిపోయింది, తొక్కు అంటే తొక్కదేం, అంతలో దబ్బుమని పడింది, అదే విరామం, అదే దూకుడు, వంతెన మీద రోజూ చూస్తున్నదే, ఈమధ్య మెట్ల మీద ఈ కాలి చెప్పే వెనక ఉండిపోతే చెప్పుల్ని తిట్టి కొత్తవి కొన్నాడు, బొటనవేలు గడపకి తగిలితే వడ్రంగిని పిలిచి గడప చెక్కించాడు, కాలు ఈడుస్తున్నారేమిటండీ అని ఆమె అడిగితే అద్దాలు మోసిన నొప్పి అన్నాడు, నొప్పి ఎక్కడుంది, నొప్పన్నా లేదే.

బావమరిది బైకు పక్కకొచ్చి, పొగ కూడా లేదు బావా, ఇంజెక్టర్లే, దొరికాడు దొంగ, అని అరిచి ఈల వేస్తూ ముందుకెళ్ళిపోయాడు, ఆమె నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద దరువేసింది, వంతెన దిగి బండి పక్కకి ఆపి, ఇక మీరు రండి, సందుల్లో అద్దాలతో నాకు భయం, అంది, అతను కదల్లేదు, ఏమండీ, మిమ్మల్నే, అంది, నువ్వే నడుపు, అన్నాడు, ఏం, ఇంకా ఏమన్నా వినపడిందా, అంది, వినపడలేదు, వినపడి ఉంటే ఎంత బాగుండేది, ఏదో ఒక పైపు, ఒక వాషరు, ఎంతదైనా సరే, బండికి ఏ జబ్బూ లేదే, అన్నాడు, నా కాలు, అన్నాడు, ఆమె నవ్వు ముఖం మీదే ఆగిపోయింది, అతని పాదం వైపు చూసింది, ఇద్దరూ చూస్తుండగా అతను దాన్ని లెమ్మన్నాడు, అది లేవలేదు, ఇన్నాళ్ళూ తన కాలు ఆగినప్పుడల్లా ఆ ముసలి ఇంజను ఆగింది, కాలు దూకినప్పుడల్లా దూకింది, ఎక్కడా తప్పలేదు, బండి అతని మాట వింటూనే ఉంది, విననిది తన ఒళ్ళే.